సోవియట్ సినిమా జనాన్ని దేవుడికి దూరం చేసిందా?

తెరవెనుక:
1923 జులైలో బోల్షెవిక్ నాయకుడు ట్రాట్‌స్కీ పార్టీ పత్రిక ‘ప్రావ్దా’లో ఒక వ్యాసం రాశాడు. జనం చర్చికి పోయేది భక్తి కంటే అలవాటు కొద్దీ, అక్కడి వెలుగు, పాట, వేడుక కోసం అన్నాడు. ఆ వేడుకేదో సినిమా ఇస్తే చర్చికీ, సారా దుకాణానికీ అదే పోటీ అవుతుందన్నాడు. నా లెక్కలో సినిమా ఆ పని చేసింది. దర్శకుడు ఐజెన్‌స్టైన్ తీసిన ‘పాతది, కొత్తది’ (1929) చూడండి. కరువులో రైతులు దేవుడి పటాలు మోసుకెళ్లి దుమ్ములో సాగిలపడి మొక్కుతారు. వాన రాదు. తర్వాత మీగడ తీసే మిషను వస్తుంది, అది మాత్రం పనిచేస్తుంది!

పాతరీలు:
ఒప్పుకోను. ఆయనదే, 1917 విప్లవం మీద తీసిన ‘అక్టోబర్’ (1928)లో జనరల్ కోర్నిలోవ్ దేవుడి పేరు చెప్పుకుని రాజధాని పెట్రోగ్రాడ్ మీదికి వస్తుంటే, క్రీస్తు బొమ్మతో మొదలై బుద్ధుడు, ఇంకా ఎవరెవరో దేవుళ్లు వరసగా వచ్చి ఒక మొరటు బొమ్మ దగ్గర ఆగుతారు. పల్లెటూరి రైతుకు ఇందులో ఏం అర్థమవుతుంది? జనం ఎగబడింది హాలీవుడ్ తారలు ఫెయిర్‌బ్యాంక్స్, మేరీ పిక్‌ఫర్డ్ సినిమాలకు. 1937 జనాభా లెక్కల్లో 16 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 57 శాతం మాకు దేవుడి మీద నమ్మకం ఉందనే చెప్పారు. మతగురువుల్ని అరెస్టు చేస్తున్న రోజుల్లో అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ప్రభుత్వం ఆ లెక్కల్నే తొక్కిపెట్టింది.

తెరవెనుక:
ఆ లెక్కల్లోనే వయసు తగ్గేకొద్దీ నమ్మేవాళ్లు తగ్గారండీ. సినిమాలు చూస్తూ పెరిగిన తరం అదే కదా.

పాతరీలు:
బడిలో నాస్తికత్వం నేర్చుకున్న తరం కూడా అదే.

చరిత్రపాఠకుడు:
ఇద్దరూ ఐజెన్‌స్టైన్ దగ్గరే ఆగిపోయారు. ఇంకో దర్శకుడు దోవ్‌జెంకో తీసిన ‘భూమి’ (1930) సంగతేంటి? ఊరికి ట్రాక్టర్ తెచ్చిన వసీల్‌ను ఒక కులక్ (డబ్బున్న రైతు) కొడుకు చంపేస్తాడు. వసీల్ తండ్రి మతగురువును గుమ్మంలోంచే పంపేసి, మావాణ్ణి మీరే కొత్త పాటలతో సాగనంపండి అని కుర్రాళ్లను అడుగుతాడు. శవం వెళ్తుంటే ఆపిల్ కొమ్మలు మొహాన్ని తాకుతాయి. నాకు ఆ కాలపు సినిమాల్లో ఇంతకు మించిన సన్నివేశం లేదు. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన జోలికి పోకుండా, చావు ఇంట్లో మతగురువు లేకుండా ఏం చేయాలో చూపించాడు. ట్రాట్‌స్కీ అడిగిందీ అదే. ఆ సినిమానేమో కవి దెమ్యాన్ బెద్నీ ప్రభుత్వ పత్రిక ‘ఇజ్వెస్తియా’లో తిట్టిపోశాడు. మరుసటి ఏడు డాక్యుమెంటరీ దర్శకుడు వెర్తోవ్ తీసిన ‘ఉత్సాహం’లో చర్చి శిలువలు పీకేయడమే పండగ. మనసు మార్చడానికి తీసిన సినిమా కాదది. అప్పటికే అమలవుతున్న బలవంతానికి జనం చేత చప్పట్లు కొట్టించడానికి తీసింది.

తెరవెనుక:
‘భూమి’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. వెర్తోవ్ విషయంలో మాత్రం కాదు. ఆ చర్చిని క్లబ్బుగా మార్చుకుంటున్న కుర్రాళ్ల మొహాల్లో సంతోషం అంతా బలవంతమే అంటారా?