"నారు పోసినవాడు నీరు పోయడా?" – ఈ సామెత బాస్కెట్‌బాల్ జట్టుకు నప్పుతుందా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని మా తెలుగు సంఘం పత్రికకు ఓక్లహోమా సిటీ థండర్ జట్టు మీద ఒక వ్యాసం రాస్తున్నాను. పేరున్న ఆటగాళ్లను వదులుకొని, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరుస క్రమంలో ఎంచుకొనే వార్షిక కార్యక్రమం) కుర్రవాళ్లను ఎంచుకొని, రెండేళ్లు వరుస ఓటములను భరించి, 2025 జూన్‌లో ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) టైటిల్ గెలిచిన ఆ జట్టు కథకు "నారు పోసినవాడు నీరు పోయడా?" అని శీర్షిక పెట్టాను. అది భగవంతుణ్ణి ఉద్దేశించిన సామెత కనుక ఆటకు వాడటం తగదని మా సంపాదకులు అంటున్నారు. ఇందులో ఏది సబబో చెప్పగలరు. అలాగే 'కంటెండర్'కు 'పోటీదారు' అంటే సరిపోతుందా?

సమాధానం:

రెండవ ప్రశ్నకు జవాబు చిన్నదే. లీగ్‌లో ఉన్న ముప్పై జట్లూ పోటీదారులే కనుక ఆ మాటతో పని జరగదు; 'టైటిల్ రేసులో ఉన్న జట్టు' అని రాయండి, క్రీడల పేజీ చదివే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక సామెత విషయం. పుట్టించినవాడు పోషించకపోతాడా అనే భరోసా దీని అసలు తాత్పర్యం. ఆ మేరకు మీ సంపాదకుల మాట నిజమే. అయితే సామెతలు పుట్టినచోటే ఉండిపోవు కనుక, దేవుడి సంగతి కంటే వాక్యనిర్మాణాన్ని చూడటం మేలని నా అభిప్రాయం. 'పోయు' అనే ఒకే క్రియ నారుకూ నీరుకూ వచ్చింది, రెండింటికీ కర్త ఒక్కడే. 'పోయడా' అన్నది రూపంలో ప్రశ్న అయినా, అర్థంలో 'తప్పక పోస్తాడు' అనే నిశ్చయం. అంటే పని మొదలుపెట్టినవాడే దాన్ని కొనసాగిస్తాడన్న నమ్మకం మీద సామెత మొత్తం నిలబడి ఉంది. ఎన్‌బీఏలో ఈ నమ్మకం నిలవడం అరుదు.

ఫిలడెల్ఫియా జట్టును చూడండి. 2013లో పగ్గాలు చేపట్టిన శామ్ హింకీ, ఓడిన జట్లకు డ్రాఫ్ట్‌లో ముందుగా ఎంచుకొనే అవకాశం ఎక్కువ కనుక, ఇప్పటి ఓటములే రేపటి డ్రాఫ్ట్ అవకాశాలన్న లెక్కతో జట్టును నడిపారు. 2014లో మూడవ పిక్‌గా (డ్రాఫ్ట్ క్రమంలో మూడవ ఎంపికగా) ఎంచుకున్న జోయెల్ ఎంబీడ్ గాయాలతో రెండు సీజన్లు మైదానంలో దిగనేలేదు. 2015–16లో జట్టు 10 గెలిచి 72 ఓడింది; ఆ సీజన్ ముగియకముందే, 2016 ఏప్రిల్‌లో, హింకీ రాజీనామా చేశారు. నారు ఒకరు పోశారు, నీటి బాధ్యత మరొకరి చేతికి, ఆ తరువాత ఇంకొకరి చేతికి వెళ్లింది. 2017లో మొదటి పిక్ కోసం బోస్టన్‌తో బేరం కుదుర్చుకొని అక్కడ రాణించని మార్కెల్ ఫుల్ట్స్‌ను తీసుకుంటే, మూడవ స్థానానికి దిగిన బోస్టన్‌కు తరువాత తారగా ఎదిగిన జేసన్ టేటమ్ దొరికాడు. ఎంబీడ్ 2023లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయినా, ఆ ప్రయత్నం మొదలైనప్పటి నుంచి 2025 వరకు ఆ జట్టు ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలు) రెండవ రౌండ్ దాటలేదు.

ఓక్లహోమా సిటీలో మాత్రం కర్త మారలేదు. జట్టు సియాటిల్‌లో ఉన్న కాలం నుంచీ శామ్ ప్రెస్టీయే నిర్వాహకుడు. 2019 జూలైలో ఆయన పేరున్న ఆటగాడు పాల్ జార్జ్‌ను లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ జట్టుకు ఇచ్చి ఐదు మొదటి రౌండ్ పిక్‌లనూ, రెండు పిక్ మార్పిడి హక్కులనూ (తమ పిక్ ఇచ్చి అవతలి జట్టు పిక్ తీసుకొనే హక్కు), డానిలో గలినారీతో పాటు షే గిల్జియస్ అలెగ్జాండర్ అనే రెండవ ఏటి ఆటగాణ్ణీ తీసుకున్నారు. ఆ పిక్‌లలో ఒకటి 2022లో పన్నెండవ స్థానమై జేలెన్ విలియమ్స్ రూపంలో ఫలించింది. అతడే 2025 ఫైనల్స్ ఐదవ మ్యాచ్‌లో 40 పాయింట్లు చేశాడు.

మీ శీర్షిక నిలవాలంటే వ్యాసంలో నీరు పోయడం ఎలా జరిగిందో వివరంగా ఉండాలి. కోచ్ మార్క్ డేగ్నాల్ట్ అదే సంస్థకు చెందిన జీ లీగ్ (ఎన్‌బీఏ కింద కుర్రవాళ్లను తీర్చిదిద్దే చిన్న లీగ్) జట్టును నడిపి పైకి వచ్చినవాడు. 2020–21లో 50, మరుసటి ఏడు 58 మ్యాచ్‌లు ఓడినా, 2021 డిసెంబరులో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో లీగ్ చరిత్రలోనే అతి పెద్ద పరాజయం పొందినా అతణ్ణి మార్చలేదు. గిల్జియస్ సగటు 2019–20లో 19 పాయింట్లు, 2022–23కు 31 దాటింది. లూ డోర్ట్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. ఐజయా జో ఫిలడెల్ఫియా వదిలేసిన ఆటగాడు. రెండవ పిక్‌గా వచ్చిన చెట్ హోమ్‌గ్రెన్ పాదం గాయంతో మొదటి సీజన్ మొత్తం కూర్చుంటే, తొందరపడి మరొక పెద్ద పేరును కొనుక్కురాలేదు. ఇవేవీ పతాక శీర్షికలకు ఎక్కే పనులు కావు కనుకనే డ్రాఫ్ట్ రాత్రి గురించి రాసినవారు వీటి గురించి అంతగా రాయరు.

మరొక సభ్యుడి అభిప్రాయం:

పై వివరణ బాగుంది గాని, దైవార్థాన్ని అంత తేలికగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. డ్రాఫ్ట్ క్రమాన్ని తేల్చేది లాటరీ. 2019లో తెచ్చిన పద్ధతిలో అట్టడుగు మూడు జట్లకూ మొదటి పిక్ దక్కే అవకాశం సమానంగా 14 శాతమే. డెట్రాయిట్ 2023లోనూ 2024లోనూ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచి, రెండుసార్లూ ఐదవ పిక్‌తోనే సరిపెట్టుకొంది. అంతెందుకు, 2025 ఫైనల్స్ ఏడవ మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే ఇండియానా నాయకుడు టైరీస్ హాలిబర్టన్ కాలి మడమ వెనుక స్నాయువు తెగి కూలిపోకపోతే ఫలితం ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు? దీనిని దైవం అనకుండా మరేమనాలి?

సమాధానం:

అయ్యా, లాటరీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. సామెత పాత అర్థానికి అక్కడ చోటుంది. అయితే మీరు చెప్పిన డెట్రాయిట్ కథనే మరికొంత ముందుకు చదివితే నా వాదానికే బలం చేకూరుతుంది. 2023–24లో ఒకే సీజన్‌లో వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, 14 గెలుపులు, 68 ఓటములతో ముగించిన ఆ జట్టు, ఆరేళ్ల ఒప్పందంతో తెచ్చుకున్న కోచ్‌ను ఏడాదికే పంపివేసి, జే.బీ. బికర్‌స్టాఫ్‌ను నియమించుకొని, టోబయస్ హ్యారిస్, మలీక్ బీజ్లీ వంటి అనుభవజ్ఞులను కేడ్ కనింగ్‌హామ్ చుట్టూ చేర్చి, మరుసటి ఏడు 44 మ్యాచ్‌లు గెలిచింది. 2021లో మొదటి పిక్‌గా వచ్చిన కనింగ్‌హామ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. నారు మారలేదు, నీరు వచ్చింది.

శీర్షిక అడిగినవారికి మరొక సూచన. పోసిన నారంతా పొలంలో మిగలదన్న సంగతి కూడా మీ వ్యాసంలో రావాలి. 2021లో ఆరవ పిక్‌గా తెచ్చుకున్న జోష్ గిడ్డీని ప్రెస్టీ 2024 జూన్‌లో షికాగోకు ఇచ్చి, రక్షణలో ఆరితేరిన అలెక్స్ కరూసోను తీసుకున్నారు. ఆ వెంటనే ఐజయా హార్టెన్‌స్టైన్‌తో మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అంతకు ముందు సీజన్‌లో 57 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌లో డల్లాస్ చేతిలో ఓడిన జట్టుకు ఏ లోపం ఉందో అదే పూరించారు, ఆ తరువాత 68 గెలిచారు. 2019లోనే ఈ కొనుగోళ్లు చేసి ఉంటే డబ్బు దండగ అయ్యేది.

చివరగా 'పోయడా'ను 'పోయగలడా' అని మార్చితే ఎలా ఉంటుందో ఆలోచించండి. అప్పుడది నిజమైన ప్రశ్న అవుతుంది, ఇవాళ్టి థండర్‌కు అదే ఎక్కువ వర్తిస్తుంది. 2025 జూలైలో గిల్జియస్, విలియమ్స్, హోమ్‌గ్రెన్ ముగ్గురి ఒప్పందాలనూ పొడిగించారు. గిల్జియస్ ఒక్కడికే నాలుగేళ్లకు 28.5 కోట్ల డాలర్లు. జీతాల మొత్తం ఒక గీత దాటిన జట్ల మీద లీగ్ 2023 ఒప్పందం కఠినమైన ఆంక్షలు పెట్టింది కనుక, ఈ ముగ్గురినీ నిలుపుకోవాలంటే డోర్ట్, హార్టెన్‌స్టైన్ వంటివారిలో ఎవరిని వదులుకోవాలన్న లెక్క ప్రెస్టీ వేసుకోక తప్పదు.