శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా: మన వైపు టెంటు ఎక్కడ వేసుకోవచ్చు?

మిల్లు_లెక్కలు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. వారానికి ఆరు రోజులు లారీలు, తూకాల చిట్టీలు, ఫోన్లు. వడ్ల సీజన్ వస్తే ఏడో రోజు కూడా పోతుంది. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా కొన్నాను, 18-55 లెన్సుతో. ఇప్పటిదాకా దానితో తీసింది మా అక్క కొడుకు పుట్టినరోజు, ఒక పెళ్లి. మిగతా కాలమంతా బీరువాలో చీరల మధ్య పడుకుని ఉంది. "అది అమ్మేసి ఫ్రిజ్ అన్నా మార్చు" అని ఇంట్లో పోరు.

ఫిబ్రవరిలో మాకు కాస్త ఊపిరి ఆడుతుంది. శనివారం సాయంత్రం బయలుదేరి, ఆదివారం అన్నం వేళకు ఇంట్లో ఉండాలి. ఒక రాత్రి ఆకాశం కింద పడుకోవాలి, చుక్కల ఫోటో ఒకటి తీయాలి. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఎక్కడికి వెళ్లారు, ఏం ఎదురైంది, చెప్పండి. యూట్యూబ్ వీడియోలు మాత్రం పంపకండి, అవి చూసే ఈ జబ్బు పట్టింది.

కోట_ఎక్కినోడు

అన్నా, అందరూ రాచకొండ అంటారు, నేను మూడు సార్లు వెళ్లాను కాబట్టి చెబుతున్నా. రేచర్ల రాజుల కోట, రాళ్ల గుట్టలు, మొదటిసారి వెళ్లినప్పుడు మేం నలుగురం తప్ప మనిషి లేడు. పోయినేడు శనివారం రాత్రి వెళితే పది గజాలకొక టెంటు, టెంటుకొక స్పీకరు. ఒకడు రెండింటి దాకా డీజే పాటలు పెట్టాడు. చుక్కల కోసం ముప్పై సెకన్లు లెన్సు తెరిచి ఉంచే ఫోటో పెడితే మధ్యలో ఎవడో ఒకడు టార్చి కొట్టేవాడు. పైగా హైదరాబాద్ వెలుగు ఒక పక్క ఆకాశమంతా ఎర్రగా, అర్ధరాత్రే తెల్లవారినట్టు ఉంటుంది. పొద్దున లేచి చూస్తే సీసాలు. రాచకొండ పేరు చెబితే నాకిప్పుడు ఆ సీసాలే గుర్తొస్తాయి.

మీ దగ్గర్నుంచి దేవరకొండ కోట మేలు. రాత్రి ఉండొద్దు, ఊళ్లో పడుకుని చీకటితో లేచి ఎక్కండి. ఏడు గుట్టల మీదుగా గోడ పాకి ఉంటుంది. పొద్దు పొడిచిన పావుగంటలో ఆ గోడ మీద పడే ఏటవాలు వెలుతురు, మళ్లీ రోజంతా కూర్చున్నా దొరకదు.

నల్లమల_అంచు

నాది అచ్చంపేట. ఇక్కడికి వచ్చే ముందు ఒక మాట. ఫర్హాబాద్ పోయి అడవిలో టెంటు వేద్దాం అని ప్రతి శనివారం ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్ల పైన. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టడమే నేరం, ఇక రాత్రి నిద్ర సంగతి చెప్పనక్కర్లేదు. శ్రీశైలం రోడ్డు కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తొమ్మిదీ అయిదుకు వచ్చి బతిమాలే కార్లు నేను చాలా చూశాను.

లోపల ఉండాలని అంత ఆశ ఉంటే మన్ననూరులో అటవీ శాఖ వాళ్ల బస ఉంది, సఫారీ కూడా వాళ్లే తిప్పుతారు. ముందే బుక్ చేసుకోవాలి. డ్రోన్ తేకండి. ఎండాకాలంలో నిప్పు అసలే వద్దు, ఒక్క బీడీ ముక్క చాలు గడ్డి అంటుకోవడానికి. ఆ మంట ఆర్పడానికి వేపకొమ్మలు పట్టుకుని పరుగెత్తేది చెంచు పిల్లలు, మీరు కాదు.

ఫోన్_చాలు

కెమెరా ఎందుకు బాస్, ఇప్పటి ఫోన్లు చుక్కల్ని కూడా తీస్తున్నాయి. ట్రైపాడ్ మీద పెట్టి నాలుగు నిమిషాలు కదలకుండా వదిలేస్తే చాలు.

మిల్లు_లెక్కలు

ఆ మాట మా ఇంట్లో వినపడనీయకండి దయచేసి.

పాలమూరు_పంతులమ్మ

నేను, నాతో పనిచేసే ఇద్దరు టీచర్లు ఏడాదికి రెండు మూడు సార్లు సోమశిల వెళతాం. కొల్లాపూర్ దాటితే కృష్ణ వెనకజలాలు, నీళ్ల మధ్య దీవుల్లా గుట్టలు. టెంటు గురించి మగవాళ్లు మాట్లాడినంత తేలిగ్గా మేం మాట్లాడలేం. బాత్రూం ఎక్కడ, తలుపుకు గడియ ఉందా, రాత్రి ఎవరైనా వస్తే ఎవరిని పిలవాలి, ఇవన్నీ తేలాకే మాకు చుక్కలు కనపడేది. అందుకే పర్యాటక శాఖ హరిత కాటేజీలో దిగి, నాలుగున్నరకు లేచి రేవు దగ్గరికి నడుస్తాం. చేపల వాళ్లు పుట్టి వేసుకుని బయలుదేరే వేళ అది. పొగమంచు నీళ్ల మీద ఉన్నంతసేపే ఫోటో. ఆ తర్వాత వెలుతురు తెల్లగా పాలిపోతుంది, మేం ఇడ్లీలకు పోతాం.

అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఉంది, వేపమొద్దు శివలింగం. శ్రీశైలం జలాశయం నిండితే అది మునిగిపోతుంది. నీళ్లు బాగా దిగిపోయిన ఎండాకాలంలోనే గుడి బయటపడుతుంది, అప్పుడే పూజలు. ఫిబ్రవరిలో వెళితే నీళ్లే కనిపించొచ్చు, నిరాశ పడకండి. మరపడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. "ఈ కాస్త దూరానికి ఎందుకమ్మా" అంటారు. అయినా వేసుకోండి.

కొత్తకోట_బైకు

వానాకాలంలో వచ్చేవాళ్లకు ఒక్క ముక్క. మా దగ్గర సరళాసాగర్ ప్రాజెక్టు ఉంది, 1959లో వాడకంలోకి వచ్చింది. దీనికి గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు, నీళ్లు నిండు మట్టం దాటితే సైఫన్లు, అంటే నీళ్లను లాగి అవతలికి వదిలే గొట్టాలు, వాటంతట అవే పని మొదలుపెడతాయి. చూడ్డానికి అద్భుతం. కానీ సైరన్ మోగుతుంది, అప్పుడు లేద్దాంలే అని కిందివైపు వాగు ఇసుకలో టెంటు వేశారో, అంతే. ఏ ప్రాజెక్టు కిందైనా ఇదే లెక్క.

నైట్_డ్యూటీ

ఏరియా ఆసుపత్రిలో నర్సును. మీ అందరి ఫోటోలు బాగున్నాయి గానీ నేను కట్లపాము గురించి చెప్పాలి. నాగుపాము పడగ ఎత్తుతుంది, రక్తపింజర బుస కొడుతుంది. కట్లపాము అలాంటి హెచ్చరిక ఏదీ ఇవ్వదు. రాత్రి నేల మీద పడుకున్న వాళ్ల దగ్గరికి వస్తుంది, కరిస్తే చాలామందికి నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అప్పటికే ఆలస్యం అయి ఉంటుంది. టెంటు జిప్పు ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచొద్దు. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లకు అవంటే ఇష్టం. కరిచిందని అనుమానం వస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రం, ఏదీ వద్దు. 108 పిలవండి, మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి రండి. వెళ్లే ముందే ఆ ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోండి.

కోట_ఎక్కినోడు

అక్కా, ఇక నేను ఇంట్లో మంచం మీదే పడుకుంటా.

బావికాడ

ఇంతసేపూ చదివి నవ్వొచ్చింది. మా నాయన ముప్పై ఏళ్లు క్యాంపింగ్ చేశాడు, ఆ పేరు తెలియకుండా. రాత్రి పూట త్రీఫేజ్ కరెంటు ఇచ్చిన రోజుల్లో మోటారు పెట్టడానికి బావి దగ్గరే పడుకునేవాడు. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాడు, కొన్నాళ్లు నిద్ర పట్టలేదన్నాడు.

మిల్లు అన్నా, మీ చుట్టాల్లో పొలం ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉండరా? నీళ్లు, కరెంటు, తెలిసిన మనిషి, తెలిసిన కుక్క. పర్మిషన్ కోసం ఒక్క ఫోన్ కాల్. కానీ ఇది గట్టిగా చెబుతున్నా: తెలియని చేలల్లో రాత్రి తిరగొద్దు. అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. పందులకంటే మనుషులు పోయిన వార్తలే మేం ఎక్కువ విన్నాం. ఏ పొలమైనా రైతును అడిగి, వెలుతురు ఉండగానే ఒకసారి గట్లన్నీ నడిచి చూడండి.

మిల్లు_లెక్కలు

మా మేనమామకు చందంపేట వైపు బత్తాయి తోట ఉంది. ఇన్నాళ్లూ అది తోటలాగే కనపడింది నాకు. అడుగుతాను.

చుక్కల_లెక్క

చందంపేట అయితే బాగుంది, తోట నుంచి ఆగ్నేయానికి పెద్ద ఊరు లేదు, మీకు కావాల్సిన దిక్కు అదే. డిసెంబరు, జనవరిలో పాలపుంత నడిబొడ్డు సూర్యుడి పక్కన ఉండి కనపడదు. ఫిబ్రవరి చివరికి తెల్లవారుజామున ఆగ్నేయంలో పైకొస్తుంది. మూడున్నర నుంచి ఐదుంపావు దాకా మీ టైము. అమావాస్య తర్వాత వచ్చే మొదటి శనివారం పెట్టుకోండి, నెలవంక రాత్రి తొందరగానే దిగిపోతుంది.

మీ లెన్సు 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, అపర్చర్ (లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలో) 3.5, ఐఎస్ఓ (వెలుతురు పట్టే శక్తి) 3200, లెన్సు తెరిచి ఉంచేది పదిహేను సెకన్లు. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే సెకన్లు వస్తాయని పాత లెక్క ఒకటి ఉంది. మీది చిన్న సెన్సర్ (లోపల ఫోటో పడే పలక) కెమెరా కాబట్టి 18ని ఒకటిన్నరతో హెచ్చించి 27 అనుకోండి, పద్దెనిమిది సెకన్లు వస్తుంది. పదిహేనులో ఆగితే చుక్క చుక్కలా ఉంటుంది, దాటితే గీత అవుతుంది. ఆటో ఫోకస్ చీకట్లో పని చేయదు, స్క్రీన్ మీద ఒక పెద్ద చుక్కను జూమ్ చేసి చేత్తో తిప్పండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, లేకపోతే బటన్ నొక్కినప్పుడే కెమెరా వణుకుతుంది. లెన్సులో స్టెబిలైజర్ (చేతి వణుకు సరిచేసేది) స్విచ్ ఉంటే ఆపేయండి.

పాలమూరు_పంతులమ్మ

తినడానికి జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పట్టుకెళ్లండి. వంట పెట్టుకుంటే రాత్రంతా గిన్నెలతోనే సరి.

మిల్లు_లెక్కలు

వెళ్లొచ్చాను. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి, మార్చి క్లోజింగ్ పనులు.

బత్తాయి పూత మీద ఉంది. ఆ వాసన ఎవరూ ముందు చెప్పలేదేం? టెంటు వేయడానికి నాకు గంట పట్టింది. మామ గట్టు మీద కూర్చుని చూసి "లోపల మంచం ఉంది కదరా" అని నాలుగు సార్లు అన్నాడు. తొమ్మిదికే చలి. పదకొండు దాకా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను, నిజం చెబుతున్నాను, చేయి ఆగలేదు. తర్వాత సిగ్నల్ పోయింది, అప్పుడు పడుకున్నాను.

మూడుంబావుకు అలారం. చుక్కల_లెక్క గారూ, ఫోకస్ దొరకబుచ్చుకోవడానికే నాలుగైంది. పాలపుంత కంటికి తెల్లటి మరకలా ఉంది, ఫోటోలో మాత్రం నిజంగానే వచ్చింది. అరవై తీస్తే రెండు పనికొచ్చాయి. చివరి ఇరవై మొత్తం మసక. లెన్సు మీద మంచు పట్టిందని తెల్లవారాక తెలిసింది.

అన్నిట్లోకీ బాగా వచ్చింది చుక్కల ఫోటో కాదు. ఐదింటికి మామ లేచి స్టార్టర్ డబ్బా దగ్గర అగ్గిపుల్ల గీశాడు బీడీకి. పదిహేను సెకన్ల ఫోటో నడుస్తోంది అప్పుడు. పోయిందిరా అనుకున్నాను. చూస్తే మొహం సగం, డబ్బా తలుపు, వెనక బత్తాయి చెట్లు, పైన చుక్కలు. మా అత్త అది ఫ్రేమ్ కట్టించమంది. కెమెరా బీరువాలోంచి టీవీ పక్కకు మారింది.

లెన్సు మీద మంచు పట్టకుండా ఏం చేయాలి?

చుక్కల_లెక్క

మెడికల్ షాపులో దొరికే వేడినీళ్ల సంచి, లేదా సాక్సులో వేడి చేసిన ఇసుక మూట. లెన్సు చుట్టూ వదులుగా కట్టండి, ముందు అద్దానికి తగలకుండా. ఇంటికొచ్చాక కెమెరా సంచిలోంచి వెంటనే తీయకండి. మామ ఫోటో ఇక్కడ పెట్టండి ముందు.

మిల్లు_లెక్కలు

మామను అడిగితే "పెట్టుకో, కానీ బీడీ కనపడొద్దు" అంటున్నాడు. బీడీ లేకపోతే ఆ ఫోటోలో ఇంకేముంది? బేరం నడుస్తోంది. మళ్లీ ఎప్పుడొస్తావని అడిగాడు, వచ్చేటప్పుడు మోటారుకు కెపాసిటర్ తెమ్మన్నాడు.

బావికాడ

ఎన్ని హెచ్‌పీ మోటారు అన్నా? తప్పుది తీసుకెళ్తే ఈసారి టెంటు కూడా వేయనీయడు.