‘జహాన్ పహ్లవాన్’ని తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. ఇరాన్ మల్లుడు గులాంరెజా తఖ్తీ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడివాళ్ళు ఆయన్ని ‘జహాన్ పహ్లవాన్’ అంటారు. ‘ప్రపంచ విజేత’ అని రాసి కొట్టేశాను. 1959లో టెహ్రాన్‌లోనూ 1961లో యొకొహామాలోనూ ఆయన నిజంగానే ప్రపంచ విజేత. అయినా ఆ బిరుదు బరువు ఈ మాటలోకి రాలేదు. పోనీ ‘పహిల్వాన్’ అందామంటే మన చెవికి కండలే వినిపిస్తాయి. ఏం రాయమంటారు?

—

కొట్టేసి మంచి పని చేశారండీ. పార్సీలో పోటీ గెలిచినవాణ్ణి ‘కహ్రమాన్’ అంటారు. పహ్లవాన్ అనిపించుకోవాలంటే పతకం చాలదు, నడవడి కావాలి. మన పురాణాల్లో శకులు, యవనులతో పాటు వచ్చే పహ్లవుల పేరులోంచే ఈ మాట పుట్టింది. పార్సీ ఇతిహాసం షానామాలో మహావీరుడు రుస్తుంకి దక్కిన బిరుదే ‘జహాన్ పహ్లవాన్’.

1956 మెల్‌బోర్న్ స్వర్ణం, 1952, 1960 ఒలింపిక్స్‌ల రజతాలు తఖ్తీని కహ్రమాన్ చేశాయి. 1962 చూడండి. ఇరాన్‌లోని బుయిన్ జహ్రా భూకంపంలో పన్నెండు వేలమందికి పైగా పోయారు. ఆయన టెహ్రాన్ వీధుల్లో నడిచి, జనం ముందు చెయ్యి చాచి చందాలు పోగుచేశాడు. అదే ఏడాది అమెరికాలోని టొలీడోలో, ప్రపంచ పోటీల్లో సోవియట్ మల్లుడు మెద్వెద్‌తో కుస్తీ. ప్రత్యర్థి మోకాలికి దెబ్బ తగిలిందని తెలిసి ఆ కాలి జోలికే పోలేదని ఇరానీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వర్ణం మెద్వెద్‌కి పోయింది, తఖ్తీకి రజతం. ఆ ఓటమి వల్ల ఆయన మీద జనానికున్న ప్రేమ వీసమెత్తు తగ్గలేదు.

నా మాట: ‘జగజెట్టి’ అనండి. జహాన్ అంటే జగం, పహ్లవాన్ అంటే జెట్టి. మనకి ఎప్పటినుంచో ఉన్న మాట, కొత్తగా అతికించక్కర్లేదు. కోడి రామమూర్తిగారిని మనవాళ్ళు ‘కలియుగ భీముడు’ అన్నదీ ఇలాగే కదా. మనసుకి నచ్చిన వస్తాదుని జనం ఇతిహాసంలోకి తీసుకెళ్ళి కూర్చోబెడతారు.

—

జగజెట్టి బాగుంది సార్. కానీ పహిల్వాన్‌ని మరీ తీసిపారేయకండి. హైదరాబాదులో ఎముక విరిగితే కట్టు కట్టేదీ పహిల్వానే. చిన్నప్పుడు నా చెయ్యి విరిగితే నాన్న అట్లాంటి ఒకాయన దగ్గరికే తీసుకెళ్ళిండు. మూడు వారాలు కట్లు మార్చి పైసా తీసుకోలేదాయన. నాకు ఆ మాట వింటే కండలు కాదు, ఆయన చేతులే యాదికొస్తయి.

—

ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటిసారి ‘జహాన్ పహ్లవాన్’ అనే రాసి, అక్కణ్ణుంచి ‘జగజెట్టి’ వాడతాను. 1968 జనవరి 7న ఆయన టెహ్రాన్‌లో ఒక హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. ఆత్మహత్య అన్న సర్కారు మాటని చాలామంది నమ్మలేదు. ఆ పేరాలో మాత్రం ఏ బిరుదూ పెట్టబుద్ధి కావడం లేదు, గులాంరెజా అనే ఉంచుతాను.