ఇంజిన్ వెనక సందులో 10 ఎంఎం సాకెట్ పడిపోయింది, బండి స్టార్ట్ చేయొచ్చా?

చిన్నబోల్టు:

అందరికీ నమస్తే. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. స్పార్క్ ప్లగ్గులు మార్చడం అయిపోయింది, నాలుగూ బిగించేశాను. చివరి ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటిచ్చే భాగం) బోల్టు బిగిస్తుంటే ఎక్స్‌టెన్షన్ రాడ్ నుంచి 10 ఎంఎం సాకెట్, అంటే బోల్టు తలకి తొడిగి తిప్పే చిన్న ఇనుప ముక్క, ఊడి ఇంజిన్ వెనక్కి జారిపోయింది. ఇంజిన్‌కీ డ్యాష్‌బోర్డు వైపు గోడకీ మధ్య ఉన్న సందులోకన్నమాట. ఠంగుమని రెండు చోట్ల తగిలిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఏమీ లేదు. కింద నేలంతా వెతికాను, టైర్ల వెనక కూడా చూశాను. లేదు. ఆ సందులో నా చెయ్యి మణికట్టు దాటి దూరడం లేదు.

రేపు పొద్దున్నే అమ్మానాన్నలను తీసుకుని దూరప్రయాణం చేయాలి. దారిలో అది ఎక్కడైనా ఇరుక్కుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. గతుకుల రోడ్డు మీద కాస్త తిప్పితే దానంతటదే రాలిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. అలా చేయొచ్చా? నా దగ్గర పొడుగ్గా సాగే మ్యాగ్నెట్ కర్ర ఒకటి ఉంది.

రాత్రిడ్రైవ్:

దయచేసి ఆ గతుకుల పని మాత్రం చేయొద్దండి. రాలితే నడిరోడ్డు మీద రాలుతుంది, వెనకాల వచ్చే బైకు టైరు కింద పడుతుంది. రాలకపోతే ఇప్పుడున్న చోటికంటే చెడ్డచోటికి చేరుతుంది. మీ బండికి ఇంజిన్ కింద ప్లాస్టిక్ ట్రే ఉంటే ముందు అక్కడ చూడండి. నేలమీద పడిన చప్పుడు రాలేదంటే చాలాసార్లు దాంట్లోనే ఉంటుంది.

పాతషెడ్డు:

తమ్ముడూ, ముందు తాళం తీసి జేబులో వేసుకో. సాకెట్ ఎక్కడుందో నీ కళ్లతో చూసేదాకా స్టార్ట్ చెయ్యకు. ఇలాంటప్పుడు అందరూ మొదట మ్యాగ్నెట్ పట్టుకుని గుడ్డిగా పొడుస్తారు. అందుబాటులో ఉన్న వస్తువు కూడా ఆ పోట్లకే లోపలికి పోతుంది. వెతకడం వేరు, తీయడం వేరు. ముందు వెతుకు.

చప్పుడు గురించి రాశావు చూడు, అది చాలా పనికొచ్చే సంగతి. ప్లాస్టిక్ ట్రే మీద పడితే టప్పుమని మొద్దు చప్పుడు వస్తుంది. నీకు రెండుసార్లూ ఠంగుమందంటే ఇనుము మీద పడి ఇనుము మీదే ఆగిందని నా అనుమానం. ముందు చక్రాలు తిరిగే బండ్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది కదా, దాని వెనక కింది భాగంలో స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాలను పక్కకి తిప్పే కడ్డీ), దాన్ని మోసే అడ్డ ఫ్రేము, చక్రాలకు వెళ్లే యాక్సిల్ షాఫ్టులు ఉంటాయి. చాలా బండ్లలో సైలెన్సర్ పైపు, దాని మీద వేడి ఆపే రేకు కూడా అటే ఉంటాయి. వీటిలో ఏ అంచు మీదైనా కూర్చుని ఉండొచ్చు.

దాన్ని అక్కడే వదిలేస్తే ఏమవుతుందని అడుగుతావేమో. ఫ్రేము మీద కదలకుండా ఉంటే ఏమీ కాకపోవచ్చు. కానీ యాక్సిల్ చివర జాయింటు మీద రబ్బరు బూటు ఉంటుంది, దాన్ని ఒరుసుకుంటే చిరుగుతుంది, గ్రీజంతా బయటికొస్తుంది, తర్వాత ఆ జాయింటే పోతుంది. స్టీరింగ్ కదిలే చోట ఇరుక్కుంటే మరీ ప్రమాదం. ఇక బెల్టు ఉన్న పక్కకి దొర్లిందంటే పుల్లీకీ బెల్టుకీ మధ్య పడి బెల్టును తెంపేస్తుంది. అందుకే అమ్మానాన్నలను ఎక్కించుకునే బండిలో దాన్ని వదిలేయమని నేను చెప్పను.

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదియ్యి. ఇది తప్పకుండా చెయ్యి. స్టార్టర్ మోటారుకి వెళ్లే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, కొన్ని బండ్లలో అది ఇంజిన్ వెనకే ఉంటుంది. నీ మ్యాగ్నెట్ కర్ర లోహానిది. కొస ఆ వైరు నట్టుకి తగిలి, కర్ర మధ్యభాగం ఇంజిన్‌కి ఆనిందా, నిప్పురవ్వలే. పైగా వైరు తీసేస్తే రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుందన్న భయం కూడా ఉండదు.

తర్వాత ఫోన్‌లో లైటు వేసి వీడియో ఆన్ చేసి, గట్టిగా పట్టుకుని మెల్లగా ఆ సందులోకి దించు. నీ చెయ్యి పోని చోటికి ఫోన్ అంచు పోతుంది. తీసిన వీడియోని బయట కూర్చుని ఆపి ఆపి చూడు. ఇంకో మనిషి ఉంటే పక్కనుంచి టార్చి వేయమను. లైటు నిటారుగా పడితే మసిలో ఏదీ తెలియదు, ఏటవాలుగా పడితే సాకెట్ అంచు తళుక్కుమంటుంది, దాని నీడ కూడా పడుతుంది.

కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందికి తల పెట్టకు. చదునైన నేల, హ్యాండ్‌బ్రేక్, వెనక చక్రాలకు అడ్డుకట్టలు, కింద జాక్ స్టాండ్లు, ఇవన్నీ ఉంటేనే. స్టాండ్లు లేకపోతే ఏ షెడ్డుకైనా ఫోన్ చేసి మనిషిని పిలిపించుకో. సాకెట్ కోసం అంత సాహసం వద్దు.

చిన్నబోల్టు:

అన్నా, దొరికింది! అంటే కనిపించింది. మీరు చెప్పినట్టే వీడియో తీశాను. స్టీరింగ్ ర్యాక్ వెనక, అడ్డ ఫ్రేము మీద పక్కకి ఒరిగి ఉంది. దాని పక్కనే ఫ్రేములో బొటనవేలంత గుండ్రటి రంధ్రం ఉంది. పైనుంచి మ్యాగ్నెట్ దించుతుంటే దారిలో ఒక బ్రాకెట్‌కీ, ఆ తర్వాత రేకుకీ అతుక్కుపోతోంది. అక్కడిదాకా చేరడమే లేదు.

పాతషెడ్డు:

ఆ రంధ్రం చెప్పి మంచిపని చేశావు. ఫ్రేము లోపలంతా డొల్ల. అందులో పడితే తీయడం పెద్ద పని, కాబట్టి సాకెట్‌ని రంధ్రం వైపు నెట్టేలా ఏదీ పెట్టకు. అవతలి పక్కనుంచి వెళ్లు.

మ్యాగ్నెట్ దారిలో అతుక్కోవడానికి కారణం దాని పక్కలు కూడా లాగడమే. దాని తలకి సరిపోయే ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడుగు. గోడ మందంగా ఉన్న గొట్టమైతే మేలు. పక్కలు ఇనుముకి దూరమవుతాయి, ముఖం మాత్రమే పనిచేస్తుంది. గొట్టం దొరక్కపోతే ఇన్సులేషన్ టేపు నాలుగైదు చుట్లు చుట్టు.

అప్పటికీ కాకపోతే గట్టి తీగ తీసుకో. సాకెట్‌కి మధ్యలో ఆరపార బెజ్జం ఉంటుంది కదా, ఒక పక్క రాచెట్ (సాకెట్‌ని తిప్పే పిడి) దూరే చదరం, ఇంకో పక్క బోల్టు తల దూరే గుంట. పక్కకి ఒరిగి ఉందంటే ఆ బెజ్జం నీకు అడ్డంగా కనపడుతుంది. తీగ కొసని చిన్న కొక్కెంలా వంచి అందులోకి పోనిచ్చి పైకెత్తు, ఈడ్వకు. తీగకి ఆ కొస తప్ప మిగతాదంతా టేపు చుట్టు, వైర్లకి గీసుకోకుండా ఉంటుంది. ఇంకొకరు ఫోన్ పట్టుకుని వీడియో చూపిస్తుంటే ఇది తేలిక.

కొత్తషోకు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇదే పని నేను వచ్చే వారం చేయబోతున్నాను. ప్లగ్ తీసేశాక ఆ రంధ్రంలోనే చిన్న నట్టు ఏదైనా పడితే ఏం చేయాలి?

పాతషెడ్డు:

మంచి ప్రశ్న. ప్లగ్ ఇంకా బిగించే ఉంటే భయం లేదు, నట్టు ప్లగ్ చుట్టూ ఉన్న బావిలోనే ఆగుతుంది. మ్యాగ్నెట్‌తో తీసి, గాలి కొట్టి, అప్పుడు ప్లగ్ విప్పండి.

ప్లగ్ తీసేశాక పడితే అది సిలిండర్ లోపల, పిస్టన్ నెత్తిన ఉన్నట్టే. స్టార్టర్ సంగతి అటుంచండి, చేత్తో కూడా ఇంజిన్ తిప్పకండి. పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్డుకీ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) మధ్య నట్టు పట్టేంత చోటు ఉండదు. వాల్వు వంగుతుంది, లేదా పిస్టన్ పగులుతుంది. పిస్టన్ అల్యూమినియంది కాబట్టి మ్యాగ్నెట్ దానికి అతుక్కోదు. సన్నటి మ్యాగ్నెట్‌ని నిదానంగా దించి పిస్టన్ మీద అటూ ఇటూ తిప్పితే ఇనుప నట్టు తగులుకుంటుంది. రాగి వాషరో అల్యూమినియం ముక్కో అయితే మ్యాగ్నెట్ పనికిరాదు, వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి సన్నటి ట్యూబు గాలి పోకుండా టేపుతో బిగించి పీల్చాలి. పైకి వచ్చినా రాకపోయినా ఫోన్‌కి తగిలించే సన్నటి కెమెరాతో లోపల చూసుకోకుండా ఇంజిన్ తిప్పొద్దు. ఏదీ కుదరకపోతే హెడ్డు దించాల్సిందే, తొందరపడకండి.

అందుకే పని మొదలెట్టేటప్పుడే, ఒక్కో ప్లగ్ తీయగానే ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పేపర్ ముక్కలు వద్దు, చిరిగి లోపల పడతాయి.

చిన్నబోల్టు:

అన్నా, వచ్చేసింది. టేపు చుట్టిన మ్యాగ్నెట్‌కి అందినట్టే అంది జారింది, తీగ కొక్కేనికి మాత్రం చక్కగా చిక్కింది. మా చెల్లి ఫోన్ పట్టుకుంది. చాలా థ్యాంక్స్. ఇప్పుడు ఆ చివరి కాయిల్ బోల్టు బిగిస్తే అయిపోతుంది కదా?

పాతషెడ్డు:

సంతోషం తమ్ముడూ. బిగించే ముందు ఆ ఎక్స్‌టెన్షన్ కొస చూడు. సాకెట్‌ని పట్టుకునేది అక్కడున్న చిన్న స్ప్రింగు గోళీ. వేలితో నొక్కితే లోపలికి పోయి టక్కున బయటికి రావాలి. మట్టి పట్టి ఇరుక్కుంటే శుభ్రం చేసి చుక్క నూనె వెయ్యి, అరిగిపోతే ఆ రాడ్ మార్చెయ్యి. ఇవాళ్టికి మాత్రం సాకెట్‌కీ రాడ్‌కీ కలిపి ఒక చుట్టు టేపు వేసుకో, వెనక సందులో పెద్ద గుడ్డ కుక్కుకో.

కాయిల్ బోల్టుని బలమంతా పెట్టి బిగించకు. అది సన్నటి బోల్టు, అల్యూమినియంలోనో ప్లాస్టిక్ కవర్‌లోనో దిగుతుంది, మరలు తేలిగ్గా పోతాయి. చిన్న రాచెట్‌తో ఆనాక కొద్దిగా బిగిస్తే చాలు. నాలుగు కాయిళ్ల కనెక్టర్లూ టక్కుమని కూర్చున్నాయో లేదో చూసుకో. బానెట్ వేసే ముందు గుడ్డ బయటికి తీసి, సామాన్లన్నీ పెట్టెలోకి చేరాయో చూసి, అప్పుడు నెగటివ్ వైరు బిగించి స్టార్ట్ చెయ్యి.