అంచిత చతుర్థ జాతుడు: ఐదు అంకెలతో ఒక క్విజ్ ప్రశ్న

అందరికీ నమస్కారం. మా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సెలవుల్లో పిల్లల్నీ పెద్దల్నీ కలిపి చిన్న క్విజ్ పెట్టుకుంటాం. ప్రశ్నలు కూర్చే పని నాది. చరిత్ర, సైన్సు, ఆటలు, మన ఊరి సంగతులు అన్నీ కలిపి ఇస్తాను. ఈసారి తెలుగు వంతు వచ్చినప్పుడు ఈ చాటు పద్యం చదివాను:

అంచిత చతుర్థ జాతుడు
పంచమ మార్గమున నేగి ప్రథమ తనూజన్
గాంచి, తృతీయం బచ్చట
నుంచి, ద్వితీయంబు దాటి యొప్పుగ వచ్చెన్

మీలో చాలామందికి తెలిసిన పద్యమే. తెలియనివాళ్లు కిందికి వెళ్లకుండా ఒక్క నిమిషం ఆలోచించండి. నాలుగోవాడి కొడుకు ఎవరు, ఏం చేసి వచ్చాడు?

పద్యంలో ఒక్క పేరు కూడా లేదు. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలే. అవి కూడా వరసలో లేవు: నాలుగు, ఐదు, ఒకటి, మూడు, రెండు. ఒక పదో తరగతి కుర్రాడు ఐదు అనగానే పాండవుల్ని పట్టుకున్నాడు. నాలుగోవాడు నకులుడు, కొడుకు శతానీకుడు అని గబగబా చెప్పేశాడు. ఉపపాండవుల పేర్లు తెలిసినందుకు నాకు ముచ్చటేసింది. అంతలో తనే ఆగి, "మరి ఐదోవోడి దారేటి మాస్టారూ? ధర్మరాజుకి కూతురేటి?" అన్నాడు. తప్పని నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పద్యమే వాణ్ణి ఆపింది. పక్కన కూర్చున్న అమ్మాయి అప్పుడు నెమ్మదిగా "పంచభూతాలు" అంది. ఇక అక్కడినుంచి అందరూ కలిసి విప్పేశారు.

భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. నాలుగోది గాలి కాబట్టి దాని కొడుకు హనుమంతుడు. ఐదోదైన ఆకాశమార్గాన వెళ్లాడు. ప్రథమ తనూజ, అంటే భూమి కూతురు సీతను చూశాడు. మూడోదైన నిప్పును లంకలో ఉంచాడు. రెండోదైన నీటిని, అంటే సముద్రాన్ని, దాటి తిరిగి వచ్చాడు. సుందరకాండ కథంతా నాలుగు పాదాల్లో ఇమిడిపోయింది. ఐదు భూతాలూ తలా ఒకసారి వచ్చాయి, ఏదీ రెండోసారి రాలేదు.

ఈ పద్యం గురించి ఇక్కడ రాయడానికి కారణం ఉంది. జనరల్ నాలెడ్జ్ అంటే గుర్తుంటే మార్కు, లేకపోతే సున్నా అనుకుంటాం. మన బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి ఏ సంవత్సరంలో నౌకాదళంలో చేరింది అని అడిగితే తెలిసినవాళ్లు 1969 అంటారు, తెలియనివాళ్లు దిక్కులు చూస్తారు. దాన్నే, "1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విరమించుకుని, ఆ మరుసటి ఏడాదే మన ఊళ్లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి ఏది?" అని అడిగితే పిల్లలు నాలుగు ముక్కలు పోగుచేసుకుని జవాబు దాకా నడుస్తారు. సూర్యుడికి అన్నిటికంటే దగ్గరున్నది బుధుడు, మరి అన్నిటికంటే వేడిగా ఉన్నది ఏది అని అడిగినా అంతే. శుక్రుడి మీద కార్బన్ డయాక్సైడ్ దట్టంగా కమ్ముకుని ఉందని గుర్తొచ్చినవాళ్లకి జవాబుతోపాటు కారణమూ దొరుకుతుంది.

ఆలోచించడానికి పట్టు ఇచ్చే ప్రశ్నే మంచి ప్రశ్న అని నా నమ్మకం. ఈ పద్యం అంతకంటే ఒక మెట్టు పైన ఉంది. మన జవాబు సరైనదో కాదో మనమే చూసుకునే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది. ఒక అంకె తప్పు పట్టుకుంటే మిగతా నాలుగూ అతకవు. ఇలాంటి ప్రశ్న పద్యాలు మీకు తెలిసినవి చెప్పండి. దీని మీద సందేహాలున్నా అడగండి.

వ్యాఖ్యలు

సీతమ్మధార సభ్యురాలు: బాగుందండీ. కానీ భూమినే ఒకటి అని ఎందుకు అనుకోవాలి? తైత్తిరీయోపనిషత్తులో ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి పుట్టాయని కదా ఉంది. ఆ లెక్కన నాలుగోది నీరు అవుతుంది.

పోస్టు రాసినవారు: చాలా మంచి ప్రశ్న అమ్మా. ఆ వరస పెట్టి చదివి చూడండి. నీటి కొడుకు నేల మీద వెళ్లి, ఆకాశం కూతుర్ని చూసి, నిప్పు అక్కడ పెట్టి, గాలిని దాటి వచ్చాడని వస్తుంది. నిప్పు ఒక్కటే కుదిరింది, ఎటునుంచి లెక్కపెట్టినా అది నడిమిదే కాబట్టి. మిగిలినవన్నీ తిరగబడ్డాయి. ఉపనిషత్తు చెప్పింది పుట్టిన క్రమం, సూక్ష్మం నుంచి స్థూలానికి. కవి తీసుకున్నది తర్కశాస్త్రంలో ద్రవ్యాలను చెప్పే క్రమం. అన్నంభట్టు తర్కసంగ్రహంలో తొమ్మిది ద్రవ్యాలు "పృథివ్యప్తేజోవాయ్వాకాశ" అని భూమితోనే మొదలవుతాయి. పాత బడుల్లో తర్కం చదువుకున్నవాళ్ల నాలుక మీద ఉండే వరస ఇది. వాళ్లకి చతుర్థం అనగానే వాయువు తట్టి ఉంటుంది.

సీతమ్మధార సభ్యురాలు: సరిపోయింది. అంటే వరస తెలియకపోయినా కథ తెలిస్తే వరస దొరుకుతుంది.

పోస్టు రాసినవారు: అవునమ్మా. కథ తెలియనివాళ్లకి వరస తెలిస్తే కథ దొరుకుతుంది.

ఒక విద్యార్థి, మద్దిలపాలెం: అంచిత అనే మాటకి పనేమైనా ఉందా సార్, లేక గణాల కోసం వేసిందా?

పోస్టు రాసినవారు: అంచిత అంటే పూజింపబడిన అని అర్థం, హనుమంతుడికి తగిన మాటే. అయితే నాకు అంతకంటే ఇష్టమైన సంగతి ఇంకోటి ఉంది తమ్ముడూ. కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఇక్కడ అంచి, పంచ, గాంచి, నుంచి. పంచ అనే మాట ప్రాస చోటులో కూర్చుంది, దాని చప్పుడు నాలుగు పాదాల్లోనూ వినిపిస్తోంది. ఐదుతో ముడిపడిన సంగతి అని చెవికి అందుతూనే ఉంది. కవి కావాలని చేశాడో లేదో గానీ, గట్టిగా చదివి వినిపించినప్పుడు పిల్లలు పంచభూతాల దాకా తొందరగా వచ్చారు. కాగితం మీద ఇచ్చి ఉంటే ఇంకాస్త సమయం పట్టేది. ఇలాంటి పద్యాన్ని ఎప్పుడూ చదివే వినిపించాలి.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక సభ్యుడు: మాకు ఒక్కో ప్రశ్నకి నిమిషం కూడా ఉండదు మాస్టారూ. ఇంత ఆలోచించే టైమెక్కడిది? అక్కడ గుర్తుంటేనే పని. టెన్షన్‌లో తెలిసింది కూడా మర్చిపోతాం.

పోస్టు రాసినవారు: నిజమే నాన్నా, పరీక్ష హాల్లో పద్యం విప్పుతూ కూర్చోలేరు. కానీ చదువుకునేటప్పుడు ఒక్కో విషయాన్నీ ఇంకో రెండిటితో ముడివేసుకుని చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడు (వైస్ ఛాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డి అని విడిగా బట్టీ పెడితే జారిపోతుంది. ఆయన తర్వాత 1931లో వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయినవారు అని కలిపి గుర్తుపెట్టుకుంటే ఒకటి మరిచిపోయినా రెండోది లాక్కొస్తుంది. టెన్షన్‌లో మనల్ని కాపాడేది ఆ ముడే.

గాజువాక లెక్కల మాస్టారు, రిటైర్డ్: మీరు అంకెలతో వస్తువుల్ని చెప్పిన పద్యం ఇచ్చారు. దీనికి తిరగేసిన పద్ధతి మనకి ఉంది, వస్తువులతో అంకెల్ని చెప్పడం. చంద్రుడు అంటే 1, కళ్లు 2, గుణాలు 3, వేదాలు 4, బాణాలు 5, ఋతువులు 6, ఋషులు 7, వసువులు లేదా గజాలు 8, గ్రహాలు 9, ఆకాశం 0. చదివేటప్పుడు "అంకానాం వామతో గతిః", అంటే కుడి నుంచి ఎడమకి వెళ్లాలి. శాసనాల్లో, పద్యాల్లో సంవత్సరం చెప్పడానికి వాడేవారు. అది కూడా మీ క్విజ్‌లో పెట్టండి.

పోస్టు రాసినవారు: నమస్కారం మాస్టారూ, తప్పకుండా పెడతాను. చిత్రమేమిటంటే ఆ పద్ధతిలో భూమి 1, అగ్ని 3. మన పద్యంలోనూ అంతే. కానీ కారణాలు వేరు. భూమి ఒక్కటే కాబట్టి ఒకటి. అగ్నులు గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని అని మూడు కాబట్టి మూడు. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి దారులు విడిపోయాయి. పద్యంలో ఐదోది, ఆ లెక్కలో సున్నా. రెండు పద్ధతుల్నీ కలిపేయకూడదని పిల్లలకి ముందే చెప్పాలి.

మీ మాట మీద ఇప్పుడే ఒకటి కూర్చాను. శాసనంలోని మాటలు కావు, నావే. "వసు గుణ వేద చంద్ర" అనే శక సంవత్సరంలో ఒక మహారాజు మన ఊరి కొండ మీద దేవుణ్ణి చూడటానికి వచ్చాడు. ఎవరు? ఎప్పుడు?

మద్దిలపాలెం విద్యార్థి: వసు 8, గుణ 3, వేద 4, చంద్ర 1. తిరగేస్తే 1438. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, అంటే 1516. శ్రీకృష్ణదేవరాయలు సింహాచలం వచ్చిన సంవత్సరం! కళింగ దండయాత్రలో వచ్చారు కదా సార్?

పోస్టు రాసినవారు: సెభాష్ తమ్ముడూ. అవును, గజపతుల మీద దండెత్తి వచ్చినప్పుడే. ఆ రాకను చెప్పే శాసనం ఇప్పటికీ సింహాచలం గుళ్లో ఉంది. ఈసారి కొండకి వెళ్లినప్పుడు ఎక్కడుందో అడిగి చూసి రా. 78 కలపడం నువ్వే గుర్తుచేసుకున్నావు, నేను చెప్పలేదు. ఆ తెలివి నాకు బాగా నచ్చింది.

సీతమ్మధార సభ్యురాలు: ఇంకోటి ఇవ్వండి, మా పాపకి కావాలట.

పోస్టు రాసినవారు: ఇదిగోనమ్మా. "వసు వేద గజ చంద్ర" శక సంవత్సరంలో ఒక విద్యాసంస్థ పుట్టింది. పుట్టింది బెజవాడలో, తర్వాత వాల్తేరు వచ్చి స్థిరపడింది. పాప జవాబుతోపాటు అంకె ఎలా వచ్చిందో కూడా రాయాలి.