ఎయిడ్‌కీ ట్రాడ్‌కీ ఒకే హార్నెస్ సరిపోతుందా?

కొండపిల్లి:
సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని యోసెమిటీకి రాక్ క్లైంబింగ్‌కి వెళ్తున్నాం, వాషింగ్టన్ కాలమ్ అనే కొండగోడ మీది సౌత్ ఫేస్ రూట్. గ్రేడ్ 5.8 సీ1, అంటే కొంత కాళ్లూ చేతులతో, కొంత ఎయిడ్‌తో (గేర్‌కి వేలాడుతూ) ఎక్కేది. నాకూ మా పార్ట్‌నర్‌కీ అదే మొదటి బిగ్ వాల్, అంటే బాగా ఎత్తైన గోడ. ఇప్పటిదాకా ఎక్కినవన్నీ ట్రాడ్ రూట్లే (పడితే ఆపడానికి గేర్ మనమే పెట్టుకుంటూ, దానికి వేలాడకుండా ఎక్కేవి) కాబట్టి నా దగ్గరున్నది 400 గ్రాముల లోపు సన్నపాటి హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు). దాంతో కాసేపు వేలాడితే చాలు, తొడలు మొద్దుబారిపోతాయి. రెండు పనులకీ పనికొచ్చే మందపాటిది కొని పాతది పక్కన పడేయనా? రెండేసి హార్నెస్‌లు పెట్టుకోమని మాత్రం చెప్పకండి, డబ్బులు ఊరికే రావు.

ఫ్రీమాంట్ బావ:
మందపాటిదే కొను తమ్ముడూ, ఇంకో ఆలోచన వద్దు. ఎయిడ్‌లో ముందు ఎక్కే లీడర్ రాతి పగులులో క్యామ్ (బిగుసుకునే గేర్) పెట్టాలి, లాగి చూడాలి, ల్యాడర్ తగిలించి మెట్లెక్కాలి, మళ్లీ ఇంకోటి పెట్టాలి. కొత్తవాళ్లకి ఒక్క పిచ్‌కి (ఒక తాడు పొడవులో ఎక్కే భాగానికి) రెండు మూడు గంటలు మామూలే. అంతసేపూ బిలే ఇచ్చేవాడు, అంటే కింద తాడు పట్టుకునేవాడు, గోడకి వేలాడుతూ ఉండాల్సిందే. నేను వాడేది నార్త్ కరోలినా వాళ్ల మిస్టీ మౌంటెన్ కాడిలాక్. ట్రాడ్‌కి కూడా అదే వేసుకుంటా. బరువంటారా, నా పొట్ట తగ్గించుకుంటే అంతకు పదింతలు కలిసొస్తుంది.

చీలిక:
"ట్రాడ్‌కి కూడా అదే" అన్నచోటే నాకు పేచీ బావగారూ. అదే కాలమ్ మీద ఆస్ట్రోమన్ అనే రూట్ ఉంది. అందులో హార్డింగ్ స్లాట్ అని మనిషే సరిగ్గా పట్టని ఇరుకు. అక్కడికి నడుం చుట్టూ పరుపు చుట్టుకుని వెళ్తారా? మనం ఆ రూట్ ఎక్కగలమా అన్నది వేరే సంగతి. మామూలు చిమ్నీలో (మనిషి దూరే పగులులో) కూడా వెడల్పు పట్టీ రాయికి ఒరుసుకుంటుంది, వెనక గేర్ తగిలించే లూప్స్ ఇరుక్కుంటాయి. ట్రాడ్‌లో ఎక్కువసేపు కాళ్ల మీదే ఉంటాం. వేలాడేది తక్కువ, కదిలేది ఎక్కువ.

నల్లరాయి:
మీరిద్దరూ ఫోమ్ మందం దగ్గరే కొట్టుకుంటున్నారు. మెత్తదనం కొట్లో వేసుకున్నప్పటి సుఖం, అంతే. బరువు పడితే మెత్తటి ఫోమ్ అణిగిపోతుంది, ఆ తర్వాత కోసేది దాని కింది పట్టీయే. కావాల్సింది వెడల్పు, కాస్త బిరుసు.

అంతకన్నా ముఖ్యం రైజ్, అంటే నడుం పట్టీకీ, తొడల చుట్టూ ఉండే లెగ్ లూప్స్‌కీ మధ్య దూరం. అది మన ఒంటికి కుదరకపోతే బరువు తొడలకీ నడుముకీ పంచుకోకుండా ఒకవైపే పడుతుంది. ఆడవాళ్ల మోడళ్లలో రైజ్ పొడుగ్గా ఇచ్చేది అందుకే. కొందరు మగవాళ్లకి కూడా అవే నప్పుతాయి, మొహమాటపడకు. కొట్లో తాడుకి వేలాడి చూడనిస్తారు. వాల్ మీద వేసుకునే బట్టలతోనే వెళ్లు, పావుగంటైనా వేలాడు. పట్టీ తుంటి ఎముకల పైన కూర్చోవాలి, చేత్తో లాగినా కిందికి జారకూడదు. లెగ్ లూప్స్ బకిల్స్‌తో సరిచేసుకునేవైతే చలిలో రెండు ప్యాంట్ల మీద కూడా పడతాయి.

ఇక గంటల తరబడి వేలాడ్డానికి హార్నెస్‌నే నమ్ముకోవడం ఎందుకు? బిలే సీట్ తీసుకెళ్లు. ప్లైవుడ్ పలకకి నాలుగు మూలలా కన్నాలు పెట్టి స్లింగ్ కట్టినా చాలు, గోడకి బిగించిన యాంకర్‌కి తగిలించి కూర్చోవచ్చు. ప్రాణానికి పూచీ నీ తాడూ హార్నెస్సే, పలక పిర్రల కోసం. అది ఉంటే మధ్యరకం హార్నెస్‌తో సౌత్ ఫేస్ హాయిగా అయిపోతుంది. ఎలాగూ చాలామంది ఆ రూట్‌లోని డిన్నర్ లెడ్జ్ అనే అరుగు మీదే పడుకుంటారు, సామాన్ల హాల్ బ్యాగ్ అక్కడే వదిలి పైకి వెళ్లొస్తారు.

ఫ్రీమాంట్ బావ:
పలక బిలే ఇచ్చేవాడికి, బాగుంది. మరి లీడర్ సంగతేంటి అక్కా? ఆ రూట్‌లో ముందుకు పొడుచుకొచ్చిన కోర్ రూఫ్ కింద ల్యాడర్‌లో నిలబడితే కాళ్లు లోపలికి పోతాయి, ఒళ్లు వెనక్కి వాలిపోతుంది. బరువు వచ్చి పడేది హార్నెస్ మీదే. అక్కడ పలక వేసుకుని కూర్చుంటామా?

నల్లరాయి:
రూఫ్ వరకూ మీ మాట నిజమే. కానీ అది ఒక్క పిచ్, పైగా లీడర్ కదులుతూనే ఉంటాడు, రక్తం ఆడుతుంది. తిమ్మిరెక్కేది కదలకుండా వేలాడేవాడికి. ఇంకో మాట, ఎయిడ్ ర్యాక్ (వెంట మోసే గేర్) మొత్తం గేర్ లూప్స్‌కి వేలాడదీస్తే ఎంత ఖరీదైన పట్టీ అయినా కిందికి లాగేస్తుంది. సగం భుజాల మీది గేర్ స్లింగ్‌కి మార్చు. హార్నెస్‌ని తిట్టేవాళ్లలో సగం మంది నిజానికి తిట్టాల్సింది తమ ర్యాక్‌ని.

తాడుపోగు:
కొండపిల్లీ, పాతది పక్కన పడేస్తానన్నావు, దాని వయసెంత? 2006లో అమెరికన్ క్లైంబర్ టాడ్ స్కిన్నర్ యోసెమిటీలోనే, లీనింగ్ టవర్ మీద రాపెల్ చేస్తూ (తాడు మీద కిందికి దిగుతూ) పోయాడు. తెగింది అరిగిపోయిన బిలే లూప్, అంటే హార్నెస్ ముందుండే పట్టీ ఉంగరం. అంతటి క్లైంబర్, కొత్త హార్నెస్ ఆర్డర్ పెట్టి కూడా పాతదాంతోనే వెళ్లాడు. ప్రమాణాల ప్రకారం కొత్త హార్నెస్‌ని 15 కిలోన్యూటన్ల బలంతో, అంటే దాదాపు టన్నున్నర బరువుతో పరీక్షిస్తారు, అరిగినదానికి ఆ లెక్క వర్తించదు. ఎయిడ్‌లో డైసీ చెయిన్లు (గేర్‌కి తగిలించుకునే లూపుల పట్టీలు) గంటల తరబడి ఒకేచోట రాసుకుంటాయి. కొనేముందు తాడు కట్టే టై-ఇన్ పాయింట్ల దగ్గర అదనపు గుడ్డ ఉందో లేదో చూడు. ఆ తర్వాతే ఫోమ్.

భువనగిరి ఎండ:
భువనగిరి కోట రాయి మీద నేర్చుకున్నవాడిగా ఒక మాట. మన ఏటవాలు స్లాబుల మీద నిలబడే బిలే ఇస్తాం, కర్ణాటకలోని సావనదుర్గలో కూడా అంతే. ఇక్కడ మందపాటి ఫోమ్‌తో దక్కేది చెమట మాత్రమే. బావగారి హార్నెస్ ఏప్రిల్‌లో ఇక్కడ వేసుకుంటే ఆయన పొట్ట తగ్గే కోరిక కూడా తీరుతుంది.

కొండపిల్లి:
ఇప్పుడే తీసి చూశా. బిలే లూప్ అంచున పోగులు లేస్తున్నాయి. కాబట్టి పాతది ఎలాగూ పోతుంది, కొత్తది ఒక్కటే. లెగ్ లూప్స్ సరిచేసుకునే మధ్యరకం, దాంతో పాటు సీట్. ఆదివారం కొట్టుకెళ్లి వేలాడతా. సీట్ గుడ్డదా, పలకా?

చీలిక:
గుడ్డది. మడిస్తే పిడికెడు, ఎక్కేటప్పుడు మోకాళ్లకి తగలదు.

ఫ్రీమాంట్ బావ:
గుడ్డ సీట్ రెండువైపుల నుంచీ తుంటిని నొక్కేస్తుంది, గంటసేపు కూర్చుని చూడు. పలకే తీసుకో తమ్ముడూ. ఎలాగూ హార్నెస్ విషయంలో నా మాట వినలేదు.