‘శివ’ మన సినిమాకి నిజంగా ఏం మిగిల్చింది?

మాచవరం_కిట్టు:
రామ్‌గోపాల్ వర్మ నాగార్జునతో తీసిన ‘శివ’ 2025 నవంబర్‌లో 4కెలో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచి ఒకటే మాట: తెలుగు సినిమా అంటే ‘శివ’కి ముందు, ‘శివ’ తర్వాత అని. నేను ఒప్పుకోను. 1989 అక్టోబర్ 5న విడుదలైంది, సంచలనం అయింది, నిజమే. పదేళ్లు తిరిగేసరికి మన తెర మీద ఏముంది? 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’. ఆ తర్వాత అంతా తొడగొట్టడాలు, పేజీల కొద్దీ డైలాగులు. ‘శివ’ చూపించిన మాటల పొదుపు ఎవరికి అంటింది? జనానికి గుర్తున్నది కాలేజీ కొట్లాటలో హీరో లాగిన సైకిల్ చైన్ ఒక్కటే.

రీరికార్డింగ్_పిచ్చి:
కిట్టు గారూ, హీరోయిజం ఒక్కటే లెక్కేస్తే మీరన్నది నిజమే. విలన్ని చూడండి. రఘువరన్ చేసిన భవానీ గొంతు పెంచడు. గదిలో ఊరికే నిలబడితే చాలు, పక్కనున్న మనుషులు సర్దుకుంటారు. అంతకుముందు మన విలన్లు నవ్వితే హాలు దద్దరిల్లేది. మనిషి ఎంత తక్కువ మాట్లాడితే అంత భయం వేస్తుందని మాస్ సినిమాలో అంత గట్టిగా చూపించింది భవానీయే.

ఇక శబ్దం. ఇళయరాజా ఎక్కడ వాయించారో కాదు, ఎక్కడ ఆగారో వినండి. శివ తన అన్న కూతురైన పాపని సైకిల్ మీద ఎక్కించుకుని తొక్కుతుంటే వెనక కారు తరుముతుంది కదా, అక్కడ ఎస్.గోపాలరెడ్డి కెమెరా మనల్ని కూడా పరిగెత్తిస్తుంది. కెమెరామన్ పరిగెత్తినా బొమ్మ కుదుపు లేకుండా పట్టే స్టెడీకామ్ అప్పటికి మనకి కొత్త. ఆ టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. జేడీ పాత్ర చేసిన కుర్రాడికి ఆ పేరే ఇంటిపేరైపోయింది, జేడీ చక్రవర్తి. ఆ యూనిట్‌లో పనిచేసిన శివనాగేశ్వరరావు 1993లో ‘మనీ’ తీశారు, కృష్ణవంశీ 1995లో ‘గులాబి’ తీశారు. రెండింటికీ నిర్మాత వర్మే. ఇది ప్రభావం కాకపోతే మరేమిటి?

పాత_లెక్చరర్:
మీరిద్దరూ కెమెరా, సంగీతం దగ్గరే ఆగిపోయారు. ఆ రోజుల్లో కాలేజీలో పాఠాలు చెప్పినవాడిగా మాట్లాడుతున్నాను. కాలేజీ ఎన్నికల గొడవలు సినిమాకి ముందు నుంచే ఉన్నాయి, అది సినిమా తప్పు కాదు. కానీ కొట్లాటకి ఒక స్టైల్ వచ్చింది ఆ తర్వాతే. తరగతిలో నోరు విప్పని పిల్లలు కూడా చొక్కా చేతులు మడిచి గుంపుగా నడవడం మొదలుపెట్టారు. మాకు కడుపు మండేది. దీన్ని మీ లెక్కలో ఎక్కడ వేస్తారు?

రీరికార్డింగ్_పిచ్చి:
మాస్టారూ, మీ బాధ న్యాయమైనదే. అయినా సినిమాని రెండో సగం దాకా చూసిన వాళ్లు ఎవరైనా చెప్పండి, శివ ఏం గెలిచాడు? మొదట స్నేహితుడు మల్లి చనిపోతాడు. చివరికి అన్న కూతురు, ఏ పాపమూ తెలియని పసిపిల్ల. భవానీని చంపేశాక కూడా ఆ ఇంట్లో పండగ లేదు. తర్వాత కాలేజీ గొడవల సినిమాలు తీసినవాళ్లు చైన్ తీసుకున్నారు, పాప చావుని వదిలేశారు. నా కోపం వాళ్ల మీద.

మాచవరం_కిట్టు:
నేనూ అదే అంటున్నానండీ! అసలు సరుకుని మనవాళ్లు వదిలేశారు. వర్మ ఆ పద్ధతినే ఇంకా రాటుదేల్చి 1998లో హిందీలో ‘సత్య’ తీస్తే, ఆ దారిని పట్టుకున్నది హిందీవాళ్లు. హిందీ నేర సినిమా మీద ‘శివ’ ప్రభావం ఉందంటే ఎంతసేపైనా ఒప్పుకుంటాను. తెలుగు మీద అంటే మాత్రం, 2000 తర్వాత భవానీలా మెల్లగా మాట్లాడి భయపెట్టిన తెలుగు విలన్ల పేర్లు ఓ ఐదు చెప్పండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.